పెద్దపీట

మధ్యయుగ క్రైస్తవ చరిత్ర మీద వచ్చిన పుస్తకాలన్నిటి పైనా నాకో ఫిర్యాదు ఉంది. వాటిలో చక్రవర్తులున్నారు, పోపులున్నారు, మఠాలున్నాయి, యుద్ధాలున్నాయి. వడ్రంగి మాత్రం లేడు. సిద్ధాంతాలకు పెద్దపీట వేసిన చరిత్రకారులు అసలు పీటను మర్చిపోయారు. ఆ కథ మొత్తానికి కథానాయకుడు కుర్చీ అని నా వాదన. భక్తులు నొచ్చుకోవద్దు. నా తగాదా దేవుడితో కాదు, ఫర్నిచర్‌తో.

సాక్ష్యం మన మెదక్‌లోనే దొరుకుతుంది. అక్కడి చర్చిని కెథెడ్రల్ అంటారు కదా, అంత ఎత్తుంది కాబట్టి అంటారని చాలామంది అనుకుంటారు. ఎత్తుతో పని లేదు. కాథెడ్రా అంటే కుర్చీ. బిషప్‌గారి కుర్చీ ఏ గుడిలో ఉంటే అది కెథెడ్రల్. ఆ కుర్చీని పక్కూరి పెంకుటింటికి మారిస్తే హోదా కూడా దాని వెనకాలే నడుచుకుంటూ పోతుంది. బిషప్‌గారి పరిధిలో ఉండే ప్రాంతం డయోసిస్, దాన్ని మన కేథలిక్కులు మేత్రాసనం అంటారు, అందులోనూ ఉన్నది ఆసనమే. ఇక రోములోని హోలీ సీ, అంటే పోపుగారి పీఠం. చిన్నప్పుడు అదేదో పవిత్ర సముద్రం అనుకునేవాణ్ణి. తీరా చూస్తే అది 'సెడెస్' అనే లాటిన్ మాట నుంచి వచ్చిందట. దానర్థమూ కుర్చీయే.

క్రీ.శ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి బిషప్పులందరినీ నైసియాకు పిలిపించాడు. అది ఇప్పటి తుర్కియేలో ఉంది. క్రీస్తు తండ్రితో సమానుడా, లేక తండ్రి సృష్టించినవాడా అన్నది అక్కడ తేలాల్సిన విషయం. దాని మీద పండితులు ఎన్ని పేజీలు రాసినా నా కళ్లు మాత్రం హాల్లో వేసిన చిన్న బంగారు కుర్చీ మీదే ఉన్నాయి. బిషప్పులు సైగ చేసేదాకా చక్రవర్తి అందులో కూర్చోలేదని ఆ సభకు వెళ్లిన యూసీబియస్ రాసిపెట్టాడు. సభ పిలిచింది ఆయన, ఖర్చు ఆయనది, తీర్మానానికి ఒప్పుకోని వాళ్లను దేశం దాటించిందీ ఆయనే. అప్పటికింకా బాప్తిస్మం కూడా పుచ్చుకోలేదు. కూర్చోవడానికి మాత్రం పర్మిషన్ అడిగాడు. బంగారంతో చేసిన వినయం అంటే ఇదే కాబోలు.

ఆ సభ 20 నియమాలు చేసింది. వాటిలో 15వది బిషప్పులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మారకూడదంటుంది. అంటే ట్రాన్స్‌ఫర్లు బంద్. దీన్ని గుర్తుపెట్టుకోండి, 572 ఏళ్ల తర్వాత ఇదే గొడవలో ఒక శవం బోనెక్కుతుంది.

అసలు కుర్చీయే వద్దన్నవాళ్లూ లేకపోలేదు. సిరియాలో అలెప్పో దగ్గర సిమియోన్ అనే సన్యాసి ఓ స్తంభం ఎక్కి, 459లో పోయేదాకా దాదాపు 36 ఏళ్లు దాని మీదే గడిపాడు. జనం సలహాల కోసం అక్కడికీ వచ్చారు. ఎంత పైకి పోయినా ఆఫీసు తప్పలేదు పాపం. ఇటలీలో బెనెడిక్ట్ మఠవాసులకు నియమావళి రాస్తూ సీనియారిటీ సంగతి కూడా తేల్చేశాడు. పగలు రెండో గంటకు మఠంలో చేరినవాడు మొదటి గంటకు చేరినవాడికి జూనియర్. వయసూ హోదా లెక్కలోకి రావు. మన సర్వీసు రూల్సు రాసిన మహానుభావుడెవరో ఇది చదివే ఉంటాడని నా అనుమానం.

ఇక అసలు కుర్చీ. కేథలిక్కులు మొదటి పోపుగా లెక్కించే పీటర్, అంటే మన బైబిల్లోని పేతురు, చేపలు పట్టుకుని బతికిన మనిషి. ఆయన గురువు క్రీస్తు తలవాల్చుకోవడానికి చోటు కూడా లేదని చెప్పుకున్నవాడు. అయినా రోములో పీటర్ కుర్చీ అని ఒక ఓక్ చెక్క కుర్చీని శతాబ్దాల పాటు పూజ్యంగా దాచారు. అది 875లో చార్లెస్ ది బాల్డ్ అనే రాజు పట్టాభిషేకానికి వచ్చినప్పుడు పోపుకిచ్చిన కానుక అని తర్వాత పరిశోధకులు తేల్చారు. అయితేనేం, పీటర్ పీఠం పేరిట ఏటా ఫిబ్రవరి 22న పండగ ఉంది. కుర్చీని ప్రేమించేవాళ్లు లోకంలో చాలామందే ఉన్నారు గానీ దాని పేరు మీద పండగ పెట్టుకునేంత నిజాయితీ ఇంకెక్కడా చూడలేదు.

శవం దగ్గరికొద్దాం. ఫార్మోసస్ అనే ఆయన రోము దగ్గరి పోర్టో అనే ఊరికి బిషప్. 891లో రోముకు పోప్ అయ్యాడు. 896లో పోయాడు. 897 జనవరిలో, తర్వాత వచ్చిన ఆరవ స్టీఫెన్ ఆయన్ను సమాధిలోంచి తవ్వించి, పోపు బట్టలు తొడిగించి, కుర్చీలో కూర్చోబెట్టి విచారణ జరిపించాడు. శవం తరఫున జవాబులు చెప్పడానికి పక్కన ఒక డీకన్‌ను, అంటే చర్చిలో ఫాదర్ కంటే కింది హోదా వాణ్ణి, నిలబెట్టారు. ఆ ఉద్యోగానికి ఎవర్ని, ఏమని చెప్పి ఒప్పించారో తెలుసుకోవాలని ఉంది. ముఖ్యమైన నేరం ఏమిటంటే, పోర్టో కుర్చీ వదిలి రోము కుర్చీకి మారడం. ముద్దాయి మౌనం వహించాడు. నేరం రుజువైంది. బట్టలు ఊడదీసి, ఆశీర్వదించే మూడు వేళ్లూ నరికి, చివరికి టైబర్ నదిలో పారేశారు.

ఇందులో అసలు మెలిక వేరే ఉంది. స్టీఫెన్ కూడా అంతకుముందు అనాగ్నీకి బిషప్. ఆయనా కుర్చీ మారినవాడే. కానీ ఆయన్ను అక్కడ బిషప్‌గా అభిషేకించింది ఫార్మోసస్. ఫార్మోసస్ చేసినవన్నీ చెల్లవంటే స్టీఫెన్ అనాగ్నీ కుర్చీలో ఎన్నడూ కూర్చోనట్టే. కూర్చోనివాడు మారడమేమిటి? ఇంత చక్కటి లీగల్ పాయింటు కోసం ఒక శవాన్ని తవ్వితే తప్పేముంది చెప్పండి. రోము జనానికి ఈ సూక్ష్మం అర్థం కాలేదు. ఆ ఏడాదిలోనే స్టీఫెన్‌ను జైల్లో పడేసి గొంతు పిసికి చంపారు.

తర్వాత కుర్చీకి రేటు కూడా వచ్చింది. పదవి కొనడాన్ని సైమనీ అంటారు. పీటర్‌కు డబ్బిచ్చి దైవశక్తి కొనబోయిన సీమోను పేరు మీద వచ్చిన మాట. తొమ్మిదవ బెనెడిక్ట్ అనే పోపు 1045లో తన పదవిని ఏకంగా తన జ్ఞానతండ్రికే (గాడ్‌ఫాదర్‌కే) అమ్మాడు. తర్వాత మనసు మారి తిరిగొచ్చి కుర్చీ నాదే అన్నాడు. స్థలం అమ్మి రిజిస్ట్రేషన్ రోజున మాట మార్చేవాళ్లు అనవసరంగా సిగ్గుపడుతున్నారు.

1054 జూలైలో రోము నుంచి వెళ్లిన కార్డినల్ హంబర్ట్ కాన్‌స్టాంటినోపుల్‌లోని హేగియా సోఫియా చర్చి బలిపీఠం మీద, అక్కడి మతాధిపతిని బహిష్కరిస్తున్నట్టు కాగితం పెట్టొచ్చాడు. తూర్పు, పడమర చర్చీలు విడిపోయిన కథలో పెద్ద మైలురాయి అది. ఆయన్ను పంపిన పోపు ఏప్రిల్‌లోనే కాలం చేశాడు. అంటే ఆ రోజున రోములో కుర్చీ ఖాళీ. 1077లో జర్మనీ రాజు నాలుగో హెన్రీ, తనను బహిష్కరించిన పోపు ఉన్న ఇటలీలోని కనోసా కోట బయట మంచులో మూడు రోజులు నిలబడి ఆయన్ను క్షమాపణ వేడుకున్నాడు. రాజుకు కుర్చీ కాదు కదా, కాళ్లకు చెప్పులు కూడా లేవు.

పీటముడి మాత్రం ఇటలీలోని వితెర్బో అనే ఊళ్లో పడింది. 1268 నవంబరులో పోపు పోతే, 1271 సెప్టెంబరు దాకా పోపును ఎన్నుకునే కార్డినల్స్‌కు ఇంకొకరు దొరకలేదు. ఊరివాళ్లు విసిగిపోయి వాళ్లను లోపల పెట్టి తాళం వేశారు. తిండి తగ్గించారు. అదీ చాలక పైకప్పు పీకేశారు. పోపును ఎన్నుకునే సభను కాన్‌క్లేవ్ అంటారు, ఆ మాటలో ఉన్నది తాళంచెవే. చివరికి ఎన్నికైనవాడు గదిలో ఉన్నవాళ్లలో ఒక్కడూ కాదు. కార్డినల్ కాదు, కనీసం ఫాదర్ కూడా కాదు. ఎక్కడో పాలస్తీనా తీరంలోని ఏకర్‌లో, మతయుద్ధానికి వెళ్లిన క్రూసేడర్ల మధ్య ఉన్నాడు.

ఆయనే పదవ గ్రెగరీ. 1274లో రూలు రాసిపెట్టాడు. మూడు రోజుల్లో తేల్చకపోతే పూటకు ఒకే వంటకం. ఇంకో ఐదు రోజులు దాటితే రొట్టె, నీళ్లు, వైన్. 1276 జనవరిలో ఆయన పోయాక ఆ రూలు కింద జరిగిన మొదటి ఎన్నిక ఒక్క రోజులో ముగిసింది. అదే ఏడాది జూలైలో ఐదవ ఏడ్రియన్ పోప్ కాగానే ఆ రూలు ఆపేశాడు. కుర్చీలో ఆయన 40 రోజులు కూడా లేడు. కూరలు మాత్రం తిరిగొచ్చాయి.