కారు మీద జిగురుకి పెట్రోలు మందు కాదు

మామిడి పూత మొదలైన దగ్గర్నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "కారు మీద చెట్ల జిగురు, పురుగుల మరకలు వదలకపోతే షాపుకి వెళ్ళి డబ్బులు తగలెయ్యకండి. కారుని గంటసేపు ఎండలో పెట్టండి, జిగురు మెత్తబడుతుంది. పెట్రోలు గుడ్డతో తుడవండి. వదలకపోతే థిన్నర్. మిగిలిన మచ్చల్ని టూత్‌పేస్టు వేసి గిన్నెల పీచుతో రుద్దండి. పురుగుల గురించి టెన్షన్ వద్దు, ఆదివారం కడిగేటప్పుడు అవే పోతాయి. గీతలు పడితే పాలిష్ కొట్టిస్తే సరి."

పర్లాకిమిడిలో కార్లకి రంగు వెయ్యడమే నా పని. ఈ మెసేజ్ నమ్మినవాళ్ళ బళ్ళు ఇప్పుడు నా దగ్గరికి వస్తున్నాయి. డబ్బులు తగలెయ్యక్కర్లేదన్న మాట వరకు నిజం. చాలా మరకలకి వేడినీళ్ళు, పాత బనియన్ గుడ్డ చాలు. మిగతాదంతా బండికి చేటు చేసే సలహా.

అన్ని మరకలకీ ఒకటే మందు అనుకోవడం దగ్గరే ఆ మెసేజ్ దారి తప్పింది. ఈ రోజుల్లో మామిడిచెట్టు కింద పెట్టిన బండి పైకప్పు మీద సన్నని చుక్కలు కనిపిస్తాయి, వేలు పెడితే బంకబంకగా అంటుకుంటాయి. అది చెట్టు కార్చిన జిగురు కాదు. పూత మీద చేరే తేనెమంచు పురుగు రసం పీల్చుకుని, మిగిలిన తీపిని బయటికి వదిలేస్తుంది. అదే కిందికి తుంపరలా రాలుతుంది. అనుమానంగా ఉంటే ఆ చెట్టు ఆకుల్నే చూడండి, మసి పూసినట్టు నల్లగా ఉంటాయి. తీపి మీద పెరిగే బూజు అది, రైతులు మసి తెగులు అంటారు. కడక్కుండా వదిలేస్తే కారు మీద కూడా అదే నల్లటి పొర కడుతుంది. ఇంతా చేసి అది చక్కెర పాకం. చక్కెర పెట్రోల్లో కరగదు, నీళ్ళలో కరుగుతుంది. గోరువెచ్చని నీళ్ళలో కాస్త కారు షాంపూ కలిపి, గుడ్డ తడిపి అయిదు నిమిషాలు పరిచి ఉంచితే రుద్దే పనే ఉండదు.

మునగ, వేప, జీడిమామిడి బంకలదీ నీళ్ళ దారే. అవి పాకంలా వెంటనే కరిగిపోవు, నీళ్ళు పీల్చి ఉబ్బుతాయి. అందుకని గుడ్డ ఇంకాసేపు ఉంచాలి, ఆరిపోతే మళ్ళీ తడపాలి. ఉబ్బిన బంక వేలితో నెడితే జారి వచ్చేస్తుంది. పెట్రోలు వీటినీ కరిగించలేదు.

రాయగడ, కోరాపుట్ వైపు సాల అడవుల్లో బండి ఆపితే పడేది వేరే, సాల చెట్టు కార్చే గుగ్గిలం. అది నీళ్ళకి లొంగదు, దానికి స్పిరిట్ కావాలి. మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌ని దూదికి పట్టించి, చుక్క మీద అర నిమిషం అదిమి ఉంచి, పక్కలకి పులమకుండా పైకి లాగెయ్యాలి. ఒకసారికి పోకపోతే కొత్త దూదితో మళ్ళీ. తర్వాత నీళ్ళతో కడిగి, అక్కడ కాస్త వాక్స్ రాయాలి, ఎందుకంటే స్పిరిట్ పాత వాక్స్‌ని కూడా తీసుకుపోతుంది. ఇక పనస పాలకి నూనె. పనసకాయ కోసేముందు చేతికి నూనె రాసుకోవాలని మనకి ఎవరూ నేర్పక్కర్లేదు, కారు మీద పడిన పాలకీ అదే వర్తిస్తుంది. నూనె రాసి, మెత్తబడ్డాక తీసి, షాంపూ నీళ్ళతో జిడ్డు కడిగేస్తే అయిపోయింది.

ఎండలో పెట్టమన్న సలహా చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. జిగురు మెత్తబడే మాట నిజమే, కానీ మెత్తబడింది ఊడిరాదు, పాకుతుంది. మన ఎండలకి నల్ల బానెట్ చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. దాని మీద ఏ ద్రవం పోసినా పని చేసేలోపే ఆరిపోయి మరక మీద మరక వేస్తుంది. పురుగుల మరకైతే ఇంకా ఘోరం, ఎండకి కాలి రంగుకి కరుచుకుంటుంది. వేడి కావాల్సింది ఆ చుక్కకే, బండి మొత్తానికి కాదు. వేడినీళ్ళ గుడ్డ ఆ పని చేస్తుంది. బండి నీడలో ఉండాలి, రేకు చల్లగా ఉండాలి.

పెట్రోలు గుడ్డ ఒక్కసారి తగిలితే కంపెనీ రంగు ఊడిపోదు. రంగు పైనుండే పారదర్శకమైన పొర, అంటే క్లియర్ కోటు, గట్టిదే. కానీ వాక్స్ పోతుంది, తలుపుల రబ్బరు బీడింగులు ఉబ్బుతాయి. హెడ్‌లైటు అద్దం అనుకుంటున్నది అసలు అద్దం కాదు, పాలికార్బనేట్ ప్లాస్టిక్. పెట్రోలు, థిన్నర్ తగిలితే అందులో సన్నని బీటలు వస్తాయి, వాటిని తుడిచి పోగొట్టలేం. వీటన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది ప్రాణం సంగతి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకి దూరంగా ఉన్న నిప్పుని అందుకుంటుంది. మన ఇళ్ళల్లో కారు పెట్టే షెడ్డు పక్కనే నీళ్ళు కాచే పొయ్యి ఉంటుంది. పిల్లల చేత పెట్రోలు గుడ్డ పట్టించకండి, దయచేసి.

థిన్నర్ విషయంలో మన ప్రాంతంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఇక్కడ సెకండ్‌హ్యాండ్ బళ్ళు ఎక్కువ, చాలావాటికి ఏదో ఒక మూల ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటుతో టచప్ జరిగే ఉంటుంది. ఆ రంగు ఎన్నేళ్ళు ఆరినా థిన్నర్ తగిలితే మళ్ళీ కరిగిపోతుంది. మొన్న ఒకాయన ఎర్ర కారు తెచ్చి వెనక తలుపు చూపించారు. గుగ్గిలం చుక్క పోయింది, దాని చుట్టూ అరచేయంత మేర రంగూ పోయి బూడిదరంగు ప్రైమర్ తేలింది. చేతిలో గుడ్డ ఎర్రగా ఉంది. "జిగురే ఇలా ఎర్రగా దిగుతోందనుకున్నాను బాబూ, ఇంకా గట్టిగా తుడిచాను" అన్నారాయన. స్పిరిట్ కూడా ఎన్‌సీ రంగుని మెత్తబరచగలదు. అందుకే ఏది వాడినా ముందు కిందివైపు, కనపడని మూల తెల్ల దూదితో ఒకసారి తాకించి చూడండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపెయ్యండి.

టూత్‌పేస్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పళ్ళ పైపొరని తోమడానికి అందులో సన్నని గరుకు పొడి కలుపుతారు, క్లియర్ కోటు పంటికంటే చాలా మెత్తన. గిన్నెల పచ్చ పీచులో ఉండేది ఇంకా గరుకు. ఆ రెండూ కలిపి రుద్దితే మచ్చ పోదు, మచ్చ చుట్టూ మసకబారుతుంది.

పురుగుల మరకకి తొందర లేదన్నారే, అసలు తొందరపడాల్సింది అక్కడే. తొలకరి పడ్డాక ఉసిళ్ళు, వరి ఈనే రోజుల్లో దీపావళి ముందువెనకల పచ్చదీపపు పురుగులు హెడ్‌లైట్లకి ఎదురొస్తాయి. వంశధార పక్కన పొలాల మధ్య నుంచి కాశీనగరం వైపు రాత్రిపూట వెళ్ళొస్తే బంపరు నిండా అవే. చితికిన పురుగు ఒంట్లోని రసాలు కుళ్ళేకొద్దీ పులుపెక్కుతాయి. మర్నాడు ఎండ తగిలితే ఆ పులుపు క్లియర్ కోటుని తినడం మొదలుపెడుతుంది. ఆదివారం దాకా ఆగితే పురుగు పోతుంది, దాని ఆకారం మిగులుతుంది. రాత్రి ఇంటికి రాగానే, ఇంజను వేడి తగ్గాక, తడి తువ్వాలు బానెట్ ముందు అంచు మీదా బంపరు మీదా పరిచి పది నిమిషాలు వదిలెయ్యండి. భోజనం చేసి వచ్చేసరికి అన్నీ నాని ఉంటాయి, నీళ్ళు పోస్తే పోతాయి. పొడిగుడ్డతో గీకితే రెక్కల ముక్కలే గీతలు పెడతాయి.

ఇక పాలిష్. పాలిష్ గీతని పూడ్చదు, గీత లోతు దాకా చుట్టూ ఉన్న పొరని అరగదీస్తుంది. కంపెనీ నుంచి వచ్చిన రంగు పొరలన్నీ కలిపితే ఇంచుమించు ఒక జిరాక్స్ కాగితం మందం, అందులో క్లియర్ కోటు సగం కూడా ఉండదు. ప్రతి పాలిష్‌కీ అందులోంచి కొంత శాశ్వతంగా పోతుంది. అది పూర్తిగా అరిగిన చోట మళ్ళీ రంగు వెయ్యడం తప్ప దారి లేదు. కడిగాక కూడా మచ్చ కనిపిస్తే గోరు ఆనించి చూడండి. గోరు మీదికి ఎక్కితే ఇంకా జిగురు ఉన్నట్టు, మళ్ళీ నానబెట్టండి. గోరు లోపలికి దిగితే అది మరక కాదు, గుంట. ఇంట్లో ఏది రుద్దినా పెద్దదవుతుంది. షాపులో పాలిష్ కొడతామంటే రంగు మందం కొలిచే మీటరు ఉందా అని అడగండి, ఆ చోటు కొలిచి మీకు చూపించాకే మెషీన్ పెట్టనివ్వండి.