పిల్లవాడి సంస్కృతి: మూడు క్రెడిట్లు

ఎట్టకేలకు నేనూ పట్టా పుచ్చుకున్నాను. 'కల్చరల్లీ రెస్పాన్సివ్ ఎడ్యుకేషన్'లో మాస్టర్స్. మన మాటల్లో చెప్పాలంటే, ఎదురుగా కూర్చున్న పిల్లవాడి ఇంట్లో ఏం మాట్లాడతారో, వాడు ఏం చూసి పెరిగాడో తెలుసుకుని, దానికి తగ్గట్టు పాఠం చెప్పడం. ఇన్నాళ్లూ ఈ పని పట్టా లేకుండా చేస్తున్నవాళ్లు దయచేసి వెంటనే ఆపేయాలని నా విజ్ఞప్తి. అర్హత లేని ఆప్యాయత ప్రమాదకరం.

రెండేళ్లు, ముప్పై క్రెడిట్లు. అంతకుముందు బడి వదిలాక పిల్లలు కాసేపు నా బల్ల చుట్టూ మూగి కబుర్లు చెప్పేవాళ్లు. కోర్సులో చేరాక వాళ్లను తొందరగా పంపించేసి, వాళ్లతో ఎలా మాట్లాడాలో నేర్పే ఆన్‌లైన్ క్లాసుకి పరిగెత్తేదాన్ని.

మొదటి వారమే మంచుకొండ బొమ్మ చూపించారు. నీటి పైన కనిపించే కొస మీద బట్టలు, వంటలు, పండగలు. నీటి కింద అసలు సరుకు: పెద్దవాళ్ల కళ్లలోకి చూసి మాట్లాడొచ్చా, టీచర్ చెప్పింది తప్పంటే మర్యాదేనా, మౌనం అంటే ఒప్పుకోవడమా, కాదనడమా. పైది చూసి మోసపోవద్దు, కిందికి దిగండి అన్నారు. దిగాను. పైకొచ్చి చూస్తే మా బడిలో 'సంస్కృతుల దినం' జరుగుతోంది. బట్టలు, వంటలు, పండగలు. రెండింటికల్లా సంస్కృతి ముగించి లెక్కల పరీక్ష పెట్టాం. వీరులూ పండగలతో సరిపెట్టడం అట్టడుగు మెట్టని అమెరికా విద్యావేత్త జేమ్స్ బ్యాంక్స్ ఎప్పుడో నాలుగు మెట్లు గీసి మరీ చెప్పాడు. మేం ఆ మెట్టు మీదే కుర్చీలు వేసుకున్నాం.

ఈ విద్యకు పునాది వేసిన గ్లోరియా లాడ్సన్-బిల్లింగ్స్ మీద నాకు వెక్కిరింత ఏమీ లేదు, ముందే చెబుతున్నా. 1995లో ఆవిడ అచ్చువేసిన సిద్ధాంతం ఊరికే ఊడిపడలేదు. అమెరికాలో నల్లజాతి పిల్లలకు బాగా చదువు చెప్పే టీచర్లు ఎవరని వాళ్ల తల్లిదండ్రుల్నీ ప్రిన్సిపాళ్లనీ అడిగి, ఎనిమిది మందిని ఎంచుకుని, వాళ్ల క్లాసుల్లో కూర్చుని చూసింది. చూశాక మూడు మాటలు చెప్పింది: పిల్లలకు చదువు రావాలి, తమ సంస్కృతి మీద పట్టు పోకూడదు, లోకంలోని అన్యాయాన్ని ప్రశ్నించడం రావాలి. మొదటిది మా సిలబస్‌లో ఎందుకో అంతగా కనబడలేదు. మరీ పాతకాలపు కోరిక అనుకున్నారేమో.

భాషా పరిశోధకురాలు షిర్లీ బ్రైస్ హీత్ పరిశోధన మాత్రం నిజంగా నా కళ్లు తెరిపించింది. 1970ల్లో అమెరికాలోని కరోలినా రాష్ట్రాల్లో ఆవిడ కొన్ని కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించింది. కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు తమకు జవాబు తెలిసిన ప్రశ్న పిల్లల్ని అడగరు. తెలిసిందాన్ని అడగడం దేనికి? అలాంటి ఇంటి పిల్లవాణ్ని టీచర్ 'ఇది ఏ రంగు?' అంటే వాడు బిత్తరపోయి ఊరుకుంటాడు. ఈవిడకు కళ్లు కనబడవు కాబోలని జాలిపడినా పడతాడు. టీచరేమో వీడికి రంగులు రావని రాసుకుంటుంది. ఇంత గొప్ప సంగతి మాకు అర్థమైందో లేదో తేల్చడానికి మా ప్రొఫెసర్ ఇరవై ప్రశ్నల క్విజ్ పెట్టారు. ఇరవైకీ జవాబులు ఆయనకు తెలుసు.

ఇక విద్యా పరిశోధకుడు లూయిస్ మోల్. ఆయన బృందం అమెరికాలోని ట్యూసన్ నగరంలో టీచర్లను మెక్సికన్ శ్రామిక కుటుంబాల ఇళ్లకు పంపింది. చెప్పిరమ్మని కాదు, నేర్చుకుని రమ్మని. వ్యవసాయం, గనుల పని, ఇళ్లు కట్టడం, ఇంటి వైద్యం. ఏమీ లేదనుకున్న ఇళ్లలో ఇంత విద్య ఉంది. దీని మీద నేను పన్నెండు పేజీలు రాసి 'ఎ' గ్రేడు కొట్టాను. ఎవరింటికీ వెళ్లలేదు. పన్నెండు పేజీలు రాసేవాళ్లకు తీరికెక్కడిది?

అసలు చిక్కు మా పిల్లల వయసుతో. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు. నిన్నటిదాకా అమ్మ చెయ్యి వదలనివాడు ఇవాళ గేటు దగ్గర ఆవిడెవరో తెలియనట్టు నడుస్తాడు. పక్కవాడికంటే ఏ ఒక్క విషయంలోనూ వేరుగా కనబడకూడదు, అదే వాళ్ల మతం. నేను కొత్త విద్య ఉత్సాహంలో నదుల పాఠం మధ్యలో ఆగి, వెనక బెంచీ అబ్బాయిని 'మీ సంస్కృతిలో నదిని ఎలా చూస్తారు?' అని అడిగాను. ముప్పై తలలు అటు తిరిగాయి. వాడి చెవులు ఎర్రబడ్డాయి. పెన్ను క్యాప్ తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.

"కళ్లతో, టీచర్."

ఆ రాత్రి కోర్సు కోసం రాసే రిఫ్లెక్షన్ జర్నల్లో దీన్ని 'ఆధిపత్య జ్ఞానానికి విద్యార్థి ప్రతిఘటన' అని రాశాను. ప్రొఫెసర్ పక్కన స్మైలీ పెట్టారు. రాయనిది ఒకటుంది. ఆ సాయంత్రం అందరూ వెళ్లాక వాడు బ్యాగు సర్దుతున్నట్టు నటిస్తూ ఆగి, "మా తాతయ్య పడవ నడిపేవాడు టీచర్, నీళ్ల రంగు చూసే..." అని మొదలుపెట్టాడు. గడియారం చూసుకుని, రేపు చెబుదువు గానిలే అన్నాను. లాగిన్ అవ్వాల్సిన టైం అయిపోతోంది. ఆ రోజు టాపిక్ లూయిస్ మోల్.

చివరి సెమిస్టర్లో ఒక వారమంతా విద్యార్థి పేరును సరిగ్గా పలకడం మీదే. ఆ పేపరు హడావుడిలో హాజరు పిలుస్తూ ఆ వెనక బెంచీ అబ్బాయిని ఎప్పటిలాగే నాకు నోరు తిరిగినట్టు పిలిచాను. వాడూ ఎప్పటిలాగే పలికాడు.

పోయిన వారం పట్టా వచ్చింది. నా పేరు తప్పు పడింది. ఒక అక్షరం కాదు, నాలుగు. దిద్దించాలంటే ఫారం నింపి, ఫీజు కట్టి, ఆరు వారాలు ఆగాలట. స్టాఫ్‌రూములో కూర్చుని గింజుకుంటుంటే, నోటు పుస్తకాల కట్ట తెచ్చిన ఆ కుర్రాడు పట్టా వంక తొంగిచూసి, ఓసారి నా మొహం చూశాడు.

"ఫర్వాలేదు టీచర్. అలవాటైపోతుంది."