సీటు వచ్చాక ఏం చేస్తున్నాం?

చెన్నైలో తెలుగు మాట్లాడే పారిశుధ్య కార్మికుల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్లలో ఇప్పుడిప్పుడే ఇంజనీరింగ్ దాకా వస్తున్న పిల్లల గురించి ఇక్కడి మన తెలుగు సంఘాలు పట్టించుకోవాలని నా విన్నపం.

సీటుకు దారి కొంత తెరుచుకుంది. తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్న అరుంధతీయులకు తమిళనాడు 2009లో ఎస్సీల 18 శాతం రిజర్వేషన్‌లోనే 3 శాతం కేటాయించింది. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు 2021 నుంచి ఇంజనీరింగ్‌లో 7.5 శాతం సీట్లున్నాయి. అసలు కష్టం ఆ తర్వాతే. తమిళ మీడియం నుంచి వచ్చిన పిల్లకు మొదటి సెమిస్టర్ లెక్కల్లో అరియర్ పడితే, అంటే పేపరు తప్పితే, ఇంట్లో చెప్పుకున్నా అర్థం చేసుకునేవాళ్లుండరు. తనకు చదువు రాదేమోనన్న టెన్షన్ మొదలవుతుంది.

1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో యూరీ ట్రైస్‌మన్ అనే గణిత పరిశోధకుడు ఇలాంటి బాధనే దగ్గరగా గమనించాడు. కాలిక్యులస్‌లో వెనకబడిన నల్లజాతి విద్యార్థులు బద్ధకస్తులు కారు, గంటల తరబడి చదివేవాళ్లే. కానీ ఒంటరిగా చదివేవారు. చైనా మూలాలున్న విద్యార్థులేమో కలిసి కూర్చుని ఒకరి లెక్కలు ఒకరు దిద్దుకునేవారు. ట్రైస్‌మన్ ట్యూషన్ పెట్టలేదు. ప్రతిభావంతుల వర్క్‌షాప్ అని పిలిచి, మామూలు క్లాసు కంటే కష్టమైన లెక్కలిచ్చి, జట్లుగా కూర్చోబెట్టాడు. మార్కులు బాగా పెరిగాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ పిలుపే. వెనకబడినవాళ్లకు స్పెషల్ క్లాస్ అంటే ఏ పిల్లకైనా మనసు చివుక్కుమంటుంది.

అమెరికాలోనే మేరీలాండ్‌లోని యూఎంబీసీ విశ్వవిద్యాలయంలో 1988లో అక్కడ పనిచేసే ఫ్రీమన్ హ్రబౌస్కీ, దాతలైన మేయర్‌హాఫ్ దంపతులు మొదలుపెట్టిన స్కాలర్స్ ప్రోగ్రామ్‌దీ అదే పద్ధతి. క్లాసులకు ముందే వేసవిలో ఆరు వారాలు కలిసి ఉండి చదువుతారు, ఆ తర్వాతా జట్లు కొనసాగుతాయి. మోడెర్నా కోవిడ్ టీకా వెనక పనిచేసిన కిజ్మేకియా కార్బెట్ అక్కడి విద్యార్థినే.

అంత డబ్బు మన దగ్గర లేదు, నిజమే. కానీ ఇందులో ముఖ్యమైనవాటికి పెద్ద ఖర్చు లేదు. సంఘం హాళ్లు పగలు ఖాళీగానే ఉంటాయి. కౌన్సెలింగ్ అయ్యాక, క్లాసులు మొదలయ్యేలోపు అక్కడే వర్క్‌షాప్ పెట్టవచ్చు. రిటైరైన లెక్చరర్లు రోజూ, ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో పనిచేసే మన ఇంజనీర్లు శనివారాలూ రాగలరు. బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం సంఘం పెట్టుకోవాలి. ఉగాది సన్మానాల బడ్జెట్‌లో కొంత తగ్గించినా సరే. మొదటి ఏడాది పరీక్షలు రాసేదాకా వారానికోసారి ఆ జట్టును మళ్లీ కూర్చోబెట్టాలి.