ఎవరి మీద ఈ నవ్వు?

కాకతీయ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి ఒగ్గు కథ మీద పరిశోధన చేస్తానంటే ఎవరూ ఆశ్చర్యపోరు. యూట్యూబ్‌లో వచ్చే వ్యంగ్య కార్టూన్ల మీద చేస్తానంటే మాత్రం ‘అదేం టాపిక్’ అన్న ప్రశ్నే ముందు ఎదురవుతుంది. కార్టూన్ అంటే పిల్లల వ్యవహారమన్న అభిప్రాయం మన చదువుల్లో గట్టిగా పాతుకుపోయింది. అది పోవాలని, ఆ పని వరంగల్‌లోనే మొదలు కావాలని మేము కోరుకుంటున్నాం.

1989 డిసెంబరులో అమెరికాలో ఫాక్స్ చానెల్ ‘ది సింప్సన్స్’ అనే కార్టూన్ సీరియల్ మొదలుపెట్టింది. అతుకుల బొంతలాంటి ఒక మామూలు కుటుంబం కథ అది. 1992 జనవరిలో ఒక సభలో అధ్యక్షుడు జార్జ్ బుష్ సీనియర్ మాట్లాడుతూ, అమెరికా కుటుంబాలు సింప్సన్స్‌లా కాకుండా వాల్టన్స్‌లా ఉండాలన్నారు. వాల్టన్స్ 1930ల ఆర్థిక మాంద్యంలో బతుకీడ్చిన ఒక ఆదర్శ కుటుంబం మీద వచ్చిన పాత సీరియల్. మూడు రోజులకే కార్టూన్ బృందం ఒక పాత ఎపిసోడ్ ముందు కొత్త సన్నివేశం కలిపి ప్రసారం చేసింది. సింప్సన్స్ ఇంటిల్లిపాదీ టీవీలో ఆ ప్రసంగం చూస్తుంటారు. మేమూ వాల్టన్స్‌లాంటి వాళ్లమే, ఈ మాంద్యం ఎప్పుడు పోతుందా అని మేమూ దేవుణ్ని వేడుకుంటున్నాం అంటాడు పిల్లాడు బార్ట్. ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న సమయమది. దేశాధ్యక్షుడికి ఒక బొమ్మ నోట అంత సూటి జవాబు వచ్చాక, అక్కడి పండితులు దాన్ని పిల్లల సరుకని పక్కన పెట్టలేకపోయారు. 2001లో తత్వశాస్త్ర అధ్యాపకులు ఈ సీరియల్ మీద ఒక వ్యాస సంకలనమే తెచ్చారు. 2006లో జోనథన్ గ్రే అనే మీడియా పరిశోధకుడు ఇంకో అడుగు ముందుకేశారు. తెర మీది బొమ్మతో ఆగకుండా, చూసేవాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లతో మాట్లాడి పుస్తకం రాశారు.

చూసేవాళ్లను అడగడం ఎందుకు ముఖ్యమో ఇంకా ముందే తేలింది. 1970లలో ‘ఆల్ ఇన్ ది ఫ్యామిలీ’ అనే కామెడీ సీరియల్ వచ్చింది. అది కార్టూన్ కాదు. అందులో ఆర్చీ బంకర్ అనే ఇంటి పెద్దకు నల్లవాళ్లన్నా, పరాయి వాళ్లన్నా పడదు. అతని మూర్ఖత్వాన్ని ఎండగట్టాలన్నదే రచయితల ఉద్దేశం. కానీ 1974లో విడ్మార్, రొకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రేక్షకులను అడిగి చూస్తే, అలాంటి ద్వేషమే మనసులో ఉన్నవాళ్లు ఆర్చీని మెచ్చుకుంటున్నారని బయటపడింది. రాసినవాడు ఒకరి మీద విసిరిన రాయి ఇంకొకరికి తగలొచ్చు. అది ఎవరికి తగిలిందో తెలియాలంటే స్క్రిప్టు చదివితే చాలదు, జనంలోకి వెళ్లాలి.

ఈ సంగతి తెలంగాణ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. సింప్సన్స్‌లో అపు అనే భారతీయ దుకాణదారుడున్నాడు. అతనికి గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్లజాతి నటుడు. మన ఇంగ్లిష్ యాసను సాగదీసి పలికిన ఆ గొంతుతోనే అమెరికాలో పెరిగిన మన పిల్లలను బళ్లో తోటివాళ్లు ఏడిపించారు. తెలుగు మూలాలున్న హాస్యనటుడు హరి కొండబోలు 2017లో దాని మీద ఒక డాక్యుమెంటరీ తీసి నిలదీశారు. 2020లో అజారియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నారు. ఇక్కడ మన తెలుగు సినిమా ఏళ్ల తరబడి తెలంగాణ యాసను రౌడీలకు, కమెడియన్లకు మాత్రమే కేటాయించింది. నాయకుడు ఒక భాష మాట్లాడితే అతని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు మన భాష మాట్లాడేవాడు. హాల్లో అందరితో పాటు మనమూ నవ్వాం. ఆ నవ్వు మన పిల్లల నోటి మీద ఏం ప్రభావం చూపిందో, ఇంటి మాటను వాళ్లు ఎక్కడెక్కడ దాచుకున్నారో ఎవరైనా ఊరూరా తిరిగి రాసిపెట్టారా?

ఇప్పుడు పరిస్థితి మారింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో ఇదే యాసను సొంత గొంతుతో ప్రపంచానికి వినిపించింది. ఫిల్మీమోజీ లాంటి చానెళ్లు ఎమోజీ తలల బొమ్మలతో మధ్యతరగతి బతుకు మీద కామెడీ నడుపుతున్నాయి. హాస్టల్ గదుల్లో, ఆర్టీసీ బస్సుల్లో పిల్లలు ఫోన్లో చూసి ఒకరికొకరు పంపుకునేది వీటినే. ఇందులో పెత్తనం చేసేవాడిని వెక్కిరించేదెంత, బలహీనుడిని గేలి చేసేదెంత అన్నది అచ్చంగా పరిశోధన చేయాల్సిన ప్రశ్న.

దీనికి వరంగల్ కంటే తగిన చోటు లేదు. పాత జిల్లాలో భాగమైన చేర్యాలలో నకాషీ చిత్రకారులు పదుల అడుగుల గుడ్డ మీద గడులు గడులుగా కథ గీస్తారు. కూనపులి వాళ్లు ఆ పటాన్ని పద్మశాలీల వాడలో ఒక్కో గడి విప్పుకుంటూ, గొంతులు మార్చి మార్చి మార్కండేయ పురాణం చెబుతారు. బొమ్మకు గొంతు తొడిగి కథ నడిపే విద్య ఈ నేలకు కొత్త కాదు. పగటి వేషాల్లో ఊరి పెద్దలనే వెక్కిరించిన కళాకారులూ ఇక్కడివాళ్లే. వీటన్నిటినీ చదవడానికి తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం వరంగల్‌లోనే ఉంది. పల్లె పాట పీహెచ్‌డీకి పనికొస్తుందని చాలామంది అనుకోని రోజుల్లో ఊళ్లు తిరిగి జానపద గేయాలు సేకరించి సిద్ధాంత గ్రంథం రాసిన బిరుదురాజు రామరాజు కూడా ఈ జిల్లా బిడ్డే. ఆయన వేసిన బాటను ఫోన్ తెర దాకా పొడిగించమనే మేము అడుగుతున్నది.

ముందుగా చేయాల్సింది భద్రపరచడం. చానెల్ మూతపడితే వీడియోలు ఉన్నట్టుండి మాయమవుతాయి, కింద జనం రాసిన వ్యాఖ్యలూ వాటితో పాటే పోతాయి. తెలుగు, జర్నలిజం శాఖలు కలిసి ఒక డిజిటల్ భాండాగారం పెట్టాలి. సాంకేతిక సాయానికి పక్కనే ఎన్‌ఐటీ ఉంది. ఆ తర్వాత ఎంఏ విద్యార్థులను రికార్డర్లతో భూపాలపల్లి, మంచిర్యాల, సిరిసిల్ల పంపాలి. బొమ్మలు చూసి నవ్వేవాళ్లతో పాటు, ఎవరిని బొమ్మ చేసి నవ్విస్తున్నారో వాళ్లనూ కూర్చోబెట్టి అడగాలి. బీడీలు చుట్టే అమ్మలు, మగ్గం నేసే తాతలు, సింగరేణి కార్మికులు చెప్పే మాటలను వాళ్ల యాసలోనే, ఒక్క అక్షరం దిద్దకుండా రాసుకోవాలి. దీనికి విశ్వవిద్యాలయం వచ్చే విద్యా సంవత్సరానికే నిధులు కేటాయించాలి.