వయ్యారిభామను పూశాక కోస్తే ఏం లాభం?

వానలు మొదలై తుమ్ములు, కళ్ల దురద, పిల్లికూతలు పెరిగితే 'సీజన్ మారింది కదా' అని సరిపెట్టుకుంటాం. సీజన్‌ది కాదు తప్పు. వీధి చివర ఖాళీ ప్లాటులో నడుమెత్తు పెరిగిన వయ్యారిభామ (పార్థీనియం) అనే కలుపు మొక్కది, దాన్ని అలా పెరగనిచ్చినవాళ్లది.

రోడ్ల పక్కన నాటిన కోనోకార్పస్ చెట్లు అలర్జీ తెస్తాయంటూ జరిగిన రచ్చ తెలిసిందే. ఆ చెట్లపై అభ్యంతరాలున్నాయి, వానాకాలం ఇళ్లలో బూజు పెరగడమూ నిజమే. కానీ వయ్యారిభామ విషయంలో తేలాల్సింది ఏమీ మిగల్లేదు. పుప్పొడి ముక్కుకు, మొక్కలోని పార్థెనిన్ అనే రసాయనం చర్మానికి చేటు. కనురెప్పలు, మెడ, మోచేతి మడతల్లో దద్దురు లేచి ఎండ తగిలితే మండుతుంది.

అసలు కిటుకంతా అదనులో ఉంది. మృగశిర తొలకరికి మొలిచిన మొక్క నాలుగైదు వారాల్లో, జూలైలో పునర్వసు కార్తెకల్లా పూతకొస్తుంది. ఒక్కో మొక్క పదివేలకు పైగా గింజలు రాలుస్తుంది. మన పార్థీనియం వారోత్సవమేమో ఆగస్టు 16 నుంచి 22 వరకు! అప్పటికి తొలి పంట గింజ నేలలో కలిసిపోయి ఉంటుంది. ఆ తర్వాత బ్రష్ కట్టర్ వస్తుంది. బ్లేడు తిరిగినకొద్దీ తెల్లపూల పొడి, ఆకుల నూగు గాల్లోకి లేచి, గ్లౌజులు కూడా లేని కార్మికుడి ముఖం మీదే పడుతుంది. కోసిన మోడు వారాల్లో మళ్లీ చిగురిస్తుంది.

చేయాల్సింది జూన్ ఆఖరులో వచ్చే ఆరుద్రలోనే. వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, పూత రాకముందే వేరుతో సహా పీకాలి. చేతికి రబ్బరు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. పూయని మొక్కలను గుంతలో పేడనీళ్లతో పొరలుగా పేర్చితే ఎరువవుతుంది. పూసినవాటిని అందులో వేస్తే గింజలు చేలోకి చేరతాయి. బంజరు జాగాలో లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి ఎండపూట ఆకులు తడిసేలా కొట్టొచ్చు, పంట పక్కన మాత్రం వద్దు, నేల చెడుతుంది. మళ్లీ మొలవకుండా వేసవి చివర, దాన్ని అణిచేసే తంటెం మొక్క గింజలు చల్లాలి. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరు దగ్గర వదిలిన పెంకుపురుగు ఆకులు తింటుంది కానీ, వానలు పడ్డాకే నేలలోంచి బయటికొస్తుంది. దాన్ని నమ్ముకుని కూర్చోలేం.

రైతు కార్తె చూసి విత్తుతాడు. మన పురపాలన మాత్రం బిల్లులు, వారోత్సవాలు చూసి కదులుతుంది. డెంగీ కేసులు పెరిగాక ఫాగింగ్, బస్తీ మునిగాక నాలాల పూడికతీత, వయ్యారిభామ పూశాక కోత. ప్రతి వార్డులో ఖాళీ ప్లాట్ల జాబితా మేలోనే సిద్ధం కావాలి. జూన్ ఆఖరుకల్లా పీకించని యజమానికి నోటీసు, పీకించిన ఖర్చు ఆస్తిపన్నులో.