మద్దెల నిజంగానే ఓడై ఉండొచ్చు

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట అని తరతరాలుగా మనం ఒకడ్ని ఎగతాళి చేస్తూనే ఉన్నాం, ఇన్ని తరాల్లో ఒక్కడన్నా ఆ మద్దెల విప్పి చూశాడా అన్నది నా ప్రశ్న. సాక్షుల్లేరు, పంచనామా లేదు, అవతలివాడి వాదన విన్న నాథుడు లేడు, డైరెక్టుగా తీర్పు. తోలు సడలి ఉండొచ్చు కదా? మృదంగం వాయించే విద్వాంసులే కచేరీకి కూర్చునే ముందు ఎడమవైపు తడిపిన రవ్వ ముద్ద అద్ది బేస్ సెట్ చేసుకుంటారు, మరి ఆ మద్దెలకి ఆ రోజు రవ్వ ఎవరు పెట్టారు, ఎంత పెట్టారు, ఎండిపోయిందా లేదా, ఇవేవీ రికార్డులో లేవు.

ఆ అభాగ్యుడి వారసులే ఇవాళ మంచం మీద పాత పేపర్ పరిచి, ఆరు తీగలూ పీకేసిన గిటార్ని బోర్లా పడుకోబెట్టి, నోట్లో స్క్రూ పట్టుకుని కూర్చున్న మన కుర్రాళ్లు. వాళ్లని చూసి ఇంట్లోవాళ్లు "కొన్న దగ్గర్నించీ విప్పడమేగానీ వాయించేది ఏమన్నా ఉందా" అంటారు. "ఇంకా సెటప్ అవ్వలేదమ్మా" అని వాడు ఎంతో మర్యాదగా జవాబు చెప్తాడు. ఈ వ్యాసం పూర్తిగా వాడి పక్షం, ముందే చెప్తున్నా.

అసలు గిటార్ ఉన్నది వాయించడానికే అనే మూఢనమ్మకం ఎక్కడ పుట్టిందో నాకు తెలీదు. ఫెండర్ గిటార్ల కంపెనీ పెట్టిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో ఫుల్లర్టన్ అనే ఊళ్లో రేడియో రిపేర్ షాపు పెట్టుకున్న మనిషి. 1950లో మార్కెట్లోకి దింపిన గిటార్‌కి నెక్‌ని అంటే తీగలు పరుచుకునే పొడుగు మెడని, జిగురుతో అతికించకుండా నాలుగు స్క్రూలేసి బిగించేశాడు, పాడైతే విప్పి ఇంకోటి పెట్టుకోవచ్చని. ఆ మహానుభావుడికి గిటార్ వాయించడం రాదు, జీవితాంతం రాలేదు. తయారుచేసిన వాడికే అక్కర్లేని విద్య కొనుక్కున్న మావాడికి ఎందుకండీ? నాలుగు స్క్రూలు పెట్టాడంటే విప్పమనేగా అర్థం.

సెటప్ అంటే ఏదో పావుగంట పని అనుకునేవాళ్ల కోసం కొంచెం వివరంగా చెప్తా. నెక్ లోపల ట్రస్ రాడ్ అని ఒక ఇనప కడ్డీ ఉంటుంది, తీగల లాగుడికి నెక్ వంగిపోకుండా అది ఎదురు పడుతుంది, దాన్ని పావు తిప్పు తిప్పి ఒక రోజు ఆగాలి, కర్ర సర్దుకోవాలి, మళ్ళీ చూడాలి, పన్నెండో ఫ్రెట్ (నెక్ మీది లోహపు మెట్టు) దగ్గర తీగ ఎత్తు రెండు మిల్లీమీటర్లకి అటూ ఇటూగా రావాలి, వచ్చాక ఫ్రెట్ బజ్ (తీగ మెట్లకి తగిలి బర్రుమనడం) వస్తుంది, బజ్ పోవాలంటే ఎత్తు పెంచాలి, పెంచితే వేళ్లు నొప్పెడతాయి. ఇదంతా అయ్యేలోపు వానాకాలం వచ్చి గాల్లో తేమ పెరిగి కర్ర ఉబ్బుతుంది, మళ్ళీ మొదట్నించీ. చలికాలంలో ఆరిపోయి ఇంకో వైపు వంగుతుంది. నా లెక్క ప్రకారం గిటార్ వాయించడానికి పూర్తిగా సిద్ధంగా ఉండేది సరిగ్గా దసరా సెలవుల్లో, అప్పుడేమో మావాడు అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఉంటాడు.

ఇది పడమటి జబ్బు అనేవాళ్లకి వీణ చూపించండి. దాని 24 మెట్లూ మైనంలో నిలబెట్టి ఉంటాయి, ఎండలకి మైనం మెత్తబడుతుంది, మెట్లు కదుల్తాయి, స్వరం పక్కకి జరుగుతుంది, తీసుకెళ్లి మళ్ళీ మేళం కట్టించాలి. వన్ పీస్ బాడీ కావాలి అని గిటార్ వాళ్లు ఇప్పుడు అరిచి గోల పెడుతున్నారు గానీ బొబ్బిలి దగ్గర వీణలు ఒకే పనస దుంగ తొలిచి చేస్తూనే ఉన్నారు, ఎవరూ అన్‌బాక్సింగ్ వీడియో పెట్టలేదు కాబట్టి తెలీలేదు.

ఇంక చరిత్ర దగ్గరికొస్తే ఓడు మద్దెలలే గెలిచాయి. 1951లో అమెరికాలో ఐక్ టర్నర్ బ్యాండ్ మెంఫిస్‌లో శామ్ ఫిలిప్స్ స్టూడియోకి రికార్డింగ్‌కి వెళ్తే దార్లో ఆంప్ (గిటార్ సౌండ్ పెంచే పెట్టె) దెబ్బతింది, స్పీకర్ కోన్ (లోపలి కాగితపు గరాటు) పాడైంది, సర్వీస్ సెంటర్‌కి వెళ్లే టైమ్ లేక లోపల కాగితాలు కుక్కేశారు, ఆ గరగరనే తర్వాత వాళ్లు డిస్టార్షన్ అని గౌరవంగా పిలుచుకున్నారు. 1958లో వచ్చిన ఒక రికార్డు కోసం లింక్ రే అనే గిటారిస్టు పెన్సిల్ పెట్టి స్పీకర్‌కి బొక్కలు పొడిచాడు. 1964లో లండన్‌లో కింక్స్ బ్యాండ్ గిటారిస్టు డేవ్ డేవీస్ బ్లేడు పెట్టి కోన్ చీరేశాడు. నాష్‌విల్‌లో అయితే ఇంకా విచిత్రం, ఒక కంట్రీ పాట (అమెరికా పల్లె బాణీ) రికార్డ్ చేస్తుంటే మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానెల్ పాడై బేస్ గిటార్ సోలో బర్రుమని వచ్చింది, పాట 1961లో రిలీజై హిట్టయింది, వెంటనే మిగతావాళ్లకీ ఆ పాడైపోయిన సౌండే కావాల్సొచ్చింది, 1962కల్లా అదే బర్రుని ఒక చిన్న పెట్టెలో పెట్టి గిబ్సన్ వాళ్లు అమ్మేశారు. రిపేర్ చేసుకోవాల్సిన దాన్ని డబ్బులిచ్చి కొనుక్కునే వ్యాపారం అలా మొదలైంది. మన ఇళ్లల్లో మాత్రం మిక్సీ బర్రుమంటే మెకానిక్‌ని పిలుస్తారు. దృష్టి లోపం.

కెపాసిటర్ సంగతి విడిగా చెప్పుకోవాలి. గిటార్‌లో టోన్ నాబ్ వెనక చిన్న కెపాసిటర్ ఒకటుంటుంది, చాలావాటిల్లో 0.022 మైక్రోఫారడ్, కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చిల్లర డబ్బులకి ఇస్తారు. కానీ మావాడికి పేపర్ ఇన్ ఆయిల్ (నూనెలో తడిపిన కాగితంతో చేసే రకం) కావాలి, పాతకాలం నాటిది, విదేశం నించి రావాలి, కస్టమ్స్ డ్యూటీ పడాలి. తెప్పిస్తాడు. గుజరాతీ గల్లీలోనే కొన్న పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో అతికిస్తాడు, రూమంతా ఫ్లక్స్ పొగ, వాడి మొహంలో యజ్ఞం చేసిన తేజస్సు. అతికించాక టోన్ నాబ్ ఎక్కడ పెడతాడయ్యా అంటే పదిలో, ఎప్పుడూ పదిలోనే. నాబ్ పదిలో ఉన్నప్పుడు ఆ కెపాసిటర్ పని దాదాపు సున్నా. అయినా తేడా వినిపిస్తోందంటాడు. వినిపిస్తుంది మరి, కస్టమ్స్ డ్యూటీ కట్టిన చెవి అది.

జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్ పెడల్ (గిటార్ సౌండ్‌ని బర్రుమనిపించే, కాలితో నొక్కే పెట్టె) కట్టుకునేవాళ్ల కష్టం ఇంకోరకం. సిలికాన్ చవగ్గా నిక్షేపంలా పనిచేస్తుంటే వీళ్లకి అరవైల్లో వాడిన జర్మేనియమే కావాలి, దానికేమో వేడి పడదు, ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ లీకేజీ కరెంటు పెరిగి ట్రాన్సిస్టర్ సెట్టింగు (బయాస్) మారిపోయి సౌండ్ తుస్సుమంటుంది. చలిదేశం ఇంగ్లండ్‌లో చల్లగా బతికిన డిజైన్ని తెచ్చి రోళ్లు పగిలే రోహిణి కార్తెలో విజయవాడలో ఆన్ చేస్తే అది మాత్రం ఏం చేస్తుంది పాపం. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన పెట్టుకోవడమే మార్గం, ఇంట్లో ఆడవాళ్లు దీనికి సహకరించాలని మనవి.

ఆంప్ విషయంలో మాత్రం మన పల్లెలు ప్రపంచానికి దారి చూపాయి. ఎడ్డీ వాన్ హేలెన్ అంతటి గిటారిస్టు మంచి టోన్ కోసం వేరియాక్ అనే పెట్టె పెట్టుకుని తన మార్షల్ ఆంప్‌కి వచ్చే వోల్టేజీని తొంభై దగ్గరికి దించుకునేవాడు, మనకి సాయంత్రం మోటర్లు వేసే టైముకి అదే సౌకర్యం ఏ పెట్టె లేకుండా వీధి మొత్తానికీ దక్కుతుంది. ఇక డాలస్ బావగారు సూట్‌కేసులో తెచ్చిచ్చే ఆంప్ ఉంటుంది, వెనకాల 120 వోల్టులని అంత స్పష్టంగా రాసుంటుంది, మావాడు లోపల ఏ ట్యూబులు (పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు) ఉన్నాయో చదివాడు గానీ ఆ లైను చదవలేదు, మన 230లో గుచ్చాడు. ఫ్యూజు పోయింది. ఫ్యూజు పోవడం అంటే ఫ్యూజు తన ధర్మం తాను నిర్వర్తించడం అని ఒప్పుకోకుండా దాని ప్లేసులో రాగితీగ చుట్టాడు.

ఇక్కడ ఒక్క నిమిషం వ్యంగ్యం పక్కన పెడతా. ట్యూబ్ ఆంప్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లలో నాలుగొందల వోల్టులు, ఒక్కోసారి ఇంకా పైన, ప్లగ్ పీకేశాక కూడా నిలవుండొచ్చు, చంపేస్తుంది. హమ్ (గుయ్యిమనే రొద) తగ్గుతుందని త్రీ పిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే తెలివి కూడా అంతే, ఏదో ఒకరోజు తీగల మీద చెయ్యి, మైకు మీద పెదవి, మధ్యలో మీరు. తెలిసినవాడి దగ్గరికి తీసుకెళ్లండి. అయిపోయింది, మళ్ళీ గంభీరంగా మాట్లాడుకుందాం.

పాతబడిన లుక్ కోసం కొత్త గిటార్ని గరుకు కాగితంతో గీకేవాళ్లని కూడా తప్పుపట్టకూడదు, 1995 నించి ఫెండర్ కస్టమ్ షాపే కొత్తవాటిని కొట్టి గీకి ఎక్కువ రేటుకి అమ్ముతోంది. మన ఇళ్లల్లో రెండేళ్ల పిల్లాడు ఉంటే ఆ సర్వీసు ఫ్రీ.

ఇంతవరకూ నా వాదన గట్టిగానే ఉంది, ఇబ్బంది పెట్టేవాళ్లు ఇద్దరున్నారు, దాచను. ఒకరు క్వీన్ బ్యాండ్ గిటారిస్టు బ్రయాన్ మే. 1963లో పదహారేళ్ల వయసులో మొదలుపెట్టి వాళ్ల నాన్నతో కూర్చుని పాత ఫైర్‌ప్లేస్ చుట్టూ ఉన్న చెక్కతో నెక్, మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులతో ట్రెమొలో (స్వరాన్ని ఊగించే మీట), అమ్మ కుట్టుపెట్టెలో ముత్యపు చిప్ప గుండీలతో ఫ్రెట్‌బోర్డ్ మీద చుక్కలు, ఇలా మొత్తం గిటార్ చేతులతో కట్టుకున్నాడు. ఇక్కడిదాకా మనవాడే, సభ్యత్వం ఇచ్చేయొచ్చు. రెండోవారు మన పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారు, నాలుగు జంట తీగల మాండలిన్ని ఐదు ఒంటి తీగలకి మార్చి, ఎలక్ట్రిక్ చేసి, గమకాలు పలికేలా తయారుచేసుకున్నారు, ఇంతకన్నా గొప్ప మాడ్ (వాయిద్యానికి చేసిన మార్పు) తెలుగు నేల మీద నేనెరుగను. ఇద్దరూ చేసిన పొరపాటు ఒక్కటే. మార్చడం అయిపోయాక వాయించడం మొదలెట్టారు. పైగా అదే వాయిద్యం, ఏళ్ల తరబడి. ఒకసారి సెటప్ అయిపోయిందని ఒప్పుకుంటే ఇక మనిషికి మిగిలేది వేళ్లు మాత్రమే, అప్పుడు తప్పు ఎవరి మీద వేస్తారు? అనుభవం లేని కుర్రాళ్లకి ఇలాంటి ఉదాహరణలు చెప్పకుండా ఉంటే మంచిది.

ఆర్థిక కోణం కూడా చూసి ముగిస్తా. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ 1970లో కొన్న నల్ల ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కి ఎన్నో నెక్‌లు మార్చాడు, పికప్‌లు (తీగల మోతని పట్టే అయస్కాంతాలు) మార్చాడు, స్విచ్ పెట్టించాడు, ట్రెమొలో కోసం బాడీ తొలిపించి మళ్ళీ పూడ్పించాడు, 2019లో వేలంలో దానికి 39 లక్షల 75 వేల డాలర్లు వచ్చాయి. మావాడూ సరిగ్గా అవే పనులు చేసి, ఆ లెక్క మనసులో పెట్టుకునే తన గిటార్ని అమ్మకానికి పెట్టాడు, "హెవీలీ అప్‌గ్రేడెడ్, సీరియస్ బయ్యర్స్ ఓన్లీ" అని. ఒక సీరియస్ బయ్యర్ వచ్చాడు.

"బ్రో, ఒరిజినల్ పార్ట్స్ ఉన్నాయా?"

"ఉన్నాయి బ్రో, వాటికి వేరే రేటు."

"సరే, ఒక్కసారి వాయించి వీడియో పెట్టు బ్రో, సౌండ్ విందాం."

"రెండు వారాలు టైమివ్వు బ్రో, ప్రస్తుతం విప్పి ఉంది."