అందరికీ ఉండేది 24 గంటలే అని నాతో అనకండి

నిన్న రాత్రి ఫోన్‌లో పాత నోట్స్ తిరగేస్తుంటే, పోయిన డిసెంబరు 31న రాసుకున్న జాబితా కంటపడింది. మొత్తం పదకొండు పాయింట్లు. పక్కన అమ్మ, తమ్ముడు నిద్రపోతున్నారు. వెలుతురు వాళ్ల కళ్లలో పడకుండా దుప్పటి కప్పుకుని చదివాను. పొద్దున్నే ఐదింటికి లేవాలి. రోజూ మూడు గంటలు చదవాలి. గంట వ్యాయామం. గంటసేపు ఏదైనా పుస్తకం. అరగంట డైరీ. అరగంట కొత్త భాష. ఇలా సాగింది. పదకొండులో ఏడాది చివరిదాకా నిలబడ్డవి రెండే. మనసు చివుక్కుమంది. ఇంకో ఏడాది పాడుచేసుకున్నాను అనుకుంటూ పడుకున్నాను, నిద్ర పట్టలేదు.

ఈ రోజు పొద్దున బస్సులో కూర్చోడానికి చోటు దొరికింది. రఫ్ నోట్‌బుక్ తీసి చివరి పేజీలో ఒక లెక్క వేశాను. అది తేలాక రాత్రి పడ్డ బాధ కాస్తా కోపం అయింది. ఆ కోపంలోనే ఇదంతా రాస్తున్నాను.

మా ఇల్లు నగరం చివర. మేం కట్టగలిగిన అద్దెకి ఇల్లు దొరికింది అక్కడే. కాలేజీ నగరానికి ఇంకో పక్క. పొద్దున గంటా ఇరవై నిమిషాలు, సాయంత్రం గంటా ఇరవై నిమిషాలు. రోజుకి 2 గంటల 40 నిమిషాలు. ఈ ఏడాది నేను కాలేజీకి వెళ్లిన రోజులు సుమారు 240. గుణిస్తే 640 గంటలు. దాన్ని 24తో భాగించాను. 26 రోజుల 16 గంటలు వచ్చింది. రాత్రీ పగలూ కలిపి దాదాపు ఒక నెల నేను బస్సులోనే ఉన్నాను. అందులో చాలావరకు నిలబడే. ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, ఇంకో చేత్తో బ్యాగు ముందుకి తిప్పుకుని. ఆ పదకొండు పాయింట్లలో బస్సు అనే మాటే లేదు. ఏడాదిలో ఒక నెల మింగేసిన దాన్ని లెక్కలోకే తీసుకోకుండా కూర్చుని ప్లాన్ రాసుకున్నాను.

నా స్నేహితురాలు ఒకమ్మాయి కాలేజీకి పది నిమిషాల నడక దూరంలో ఉంటుంది. తన లెక్కా వేశాను. ఏడాదికి 80 గంటలు. మా ఇద్దరికీ తేడా 560 గంటలు. రోజుకి ఎనిమిది గంటల చొప్పున చూస్తే 70 రోజుల పని. తన మీద నాకు ఏ కోపమూ లేదు. తను నిజంగా కష్టపడి చదువుతుంది, నేను రాలేని రోజు నోట్స్ ఫొటోలు తీసి అడక్కుండానే పంపుతుంది. నాకు కోపమల్లా మా ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, 'అందరికీ ఉండేది 24 గంటలే, వాడుకునే తీరులోనే ఉంది అంతా' అని చెప్పేవాళ్ల మీద. ఈ ఏడాది మా కాలేజీకి వచ్చిన ఒక వక్త కూడా ఇదే మాట అన్నాడు. హాల్లో అందరం చప్పట్లు కొట్టాం, నేను కూడా కొట్టాను. ఆ రోజు సాయంత్రం బస్సులో నిలబడి, నాకే క్రమశిక్షణ లేదు అనుకుంటూ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ చప్పట్లు వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

24 గంటలు అందరికీ ఉంటాయి, నిజమే. ఆ 24లో మన చేతికి వచ్చేవి ఎన్ని అన్నది అసలు ప్రశ్న. నా రోజునే తీసుకోండి. ఇంట్లో బయల్దేరేది ఏడింటికి, తిరిగి చేరేది ఆరున్నరకి. పదకొండున్నర గంటలు అక్కడే పోయాయి. నిద్ర ఏడు గంటలు. స్నానం, తిండి, బట్టలు, గిన్నెలు, తమ్ముడి హోంవర్క్, అన్నీ కలిపి రెండు గంటలు. మిగిలేది మూడున్నర గంటలు, అది కూడా కాళ్లు పీకేస్తున్నప్పుడు. నా జాబితాలో రోజూ చేయాల్సినవి కూడితే ఆరు గంటలు అయింది. ఆరు గంటల పనిని మూడున్నర గంటల్లో కుక్కి, పట్టకపోతే నన్ను నేను తిట్టుకున్నాను. ఏడాది పొడవునా తిట్టుకున్నాను. నాలాంటివాళ్లు ఈ వారంలో మళ్లీ అలాంటి జాబితానే రాస్తూ ఉంటారని తెలుసు. అందుకే ఇంత వివరంగా లెక్క చెబుతున్నాను.

ఐదింటికి లేవడం సంగతి కూడా చెప్పాలి. ఇల్లు సద్దుమణిగేసరికే పదకొండవుతుంది. ఐదింటికి అలారం పెడితే దొరికేది ఆరు గంటల నిద్ర. జనవరి మొదటి వారంలో అలాగే లేచాను. నాలుగో రోజు బస్సులో కమ్మీ పట్టుకునే నిద్రపోయి, దిగాల్సిన స్టాప్ దాటి మూడు స్టాపులు పోయాను. పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి మొదటి క్లాసు సగం అయిపోయింది. 18 నుంచి 25 ఏళ్లవాళ్లకి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలని అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లోనే సిఫారసు చేసింది. తెల్లవారుజామున లేవడం మంచి అలవాటే కావచ్చు, రాత్రి పదింటికి పడుకోగలిగిన వాళ్లకి. నా వరకు అది నిద్రలోంచి దొంగిలించడమే అయింది.

అన్నిటికంటే బాధపెట్టింది డైరీ. జనవరి 1 నుంచి 11 దాకా రోజూ రాశాను, అక్షరాలు కూడా ముత్యాల్లా ఉన్నాయి. 12వ తేదీ పేజీ ఖాళీ. ఆ రోజు తమ్ముడికి జ్వరం. రాత్రంతా నేనూ అమ్మా వంతులేసుకుని తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాం. 13న డైరీ తెరిచి ఆ తెల్ల పేజీ చూడగానే, ఇంకేముంది, తప్పిపోయింది అనిపించింది. నాలుగు లైన్లు రాసి ఆపేశాను. ఆ తర్వాత పేజీలన్నీ తెల్లగానే ఉన్నాయి. తమ్ముడికి జ్వరం తగ్గేదాకా కూర్చున్న రాత్రి నా ఖాతాలో వైఫల్యంగా పడింది! ఇప్పుడు చూస్తే, ఈ ఏడాది నేను చేసిన మంచి పనుల్లో అదొకటి.

ఒక్క రోజు తప్పితే అలవాటు పోయినట్టే అన్న నమ్మకం మనకి ఎక్కడ్నించి వచ్చిందో కానీ, చాలామందిని ముంచింది అదే. లండన్‌లో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక్కొక్కరు ఒక చిన్న పని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో చేయాలి. అది ఆలోచించకుండానే జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కానీ మనిషికీ మనిషికీ తేడా ఎంతంటే, వాళ్ల అంచనా 18 రోజుల నుంచి 254 రోజుల దాకా వెళ్లింది. మధ్యలో ఒక రోజు తప్పడం వల్ల చెప్పుకోదగ్గ నష్టం ఏమీ లేదని కూడా తేలింది. 2009లోనే వెలువడిన అధ్యయనం ఇది. అయినా మనకి తెగ వినబడేది 21 రోజుల మాటే. ఆ 21 వెనక ఉన్నది మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్. ముఖానికి ఆపరేషన్ అయినవాళ్లు కొత్త రూపానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన 1960లో తన పుస్తకంలో రాశాడు. ముఖం సంగతి చదువుకి అంటగట్టేశారు, 'కనీసం' అన్న మాట మధ్యలో జారిపోయింది. 22వ రోజుకి కూడా అలవాటు కాలేదని ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను.

జనవరి ఒకటి మీద నాకు ద్వేషం లేదు. కొత్త తేదీ వస్తే మనిషికి కొత్త ఊపు రావడం నిజమే. 2014లో వచ్చిన ఒక పరిశోధనలో కొత్త ఏడాది మొదట్లోనే కాదు, కొత్త వారం, కొత్త నెల, కొత్త సెమిస్టర్ మొదట్లో కూడా జనం జిమ్‌కి ఎక్కువగా వెళ్తున్నట్టు కనబడింది. అంటే మంగళవారం తప్పితే సోమవారం ఉంది. ఏడాదంతా ఆగనక్కర్లేదు. ఆ మాటకొస్తే ఇంగ్లండ్‌లో 1752 దాకా అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. మనుషులు కూర్చుని మార్చుకున్న తేదీ ఇది. దాని ముందు దోషిలా నిలబడాల్సిన పని లేదు.

సరే, నిలబడిన ఆ రెండూ ఏమిటో చెప్పలేదు కదా. ఆదివారం అమ్మమ్మకి ఫోన్ చేయడం, పడుకునే ముందు మర్నాటి బ్యాగు సర్దుకోవడం. రెండూ ఎందుకు నిలిచాయా అని ఆలోచిస్తే, వాటికి ఒక చోటు ఉంది. ఆదివారం బట్టలు ఆరేసి కిందికి దిగగానే ఫోన్. పక్క వేసుకునే ముందు బ్యాగు. మిగతావాటికి 'రోజూ' అన్న మాట తప్ప ఎప్పుడు, ఎక్కడ అన్నది లేదు. పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని గురించి 1999లోనే రాశాడు. ఫలానాది జరిగినప్పుడు ఫలానా పని చేస్తాను అని ముందే ముడివేసి పెట్టుకున్నవాళ్లు, ఊరికే చేయాలి అనుకున్నవాళ్లకంటే ఎక్కువగా చేయగలుగుతారని. నాకు ఇది చదవకముందే అమ్మమ్మ ఫోన్ దగ్గర అర్థమైంది.

జాబితాలో లేకుండా నిలబడింది ఇంకొకటి ఉంది. దాని గురించి రాయాలనే నా అసలు ఆశ.

ఫస్టియర్‌లో నాకు మెకానిక్స్ పేపర్ పోయింది. ఆగస్టులో ఒకరోజు సాయంత్రం, కిక్కిరిసిన బస్సులో పుస్తకం తెరిచే వీలు లేక, కళ్లు మూసుకుని ఘర్షణ చాప్టర్ నాకు నేనే చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఎక్కడ తడబడితే అక్కడ ఆగి, ఇంటికెళ్లాక ఆ ముక్క ఒక్కటీ చూసుకునేదాన్ని. పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోవడమే గట్టి చదువని నాకప్పుడు తెలీదు. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో, ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. అదే వారం తర్వాత పెడితే, చదివింది గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు బాగా ముందున్నారు.

ఒకరోజు అలా గొణుక్కుంటుంటే పక్కన నిలబడ్డ ఆవిడ నా భుజం తట్టింది. రోజూ నా స్టాప్‌లోనే దిగుతుంది, ఏదో ఆఫీసులో శుభ్రం చేసే పని. "ఏంటి చెల్లీ, నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావ్? ఒంట్లో బాగానే ఉందా?" అంది. చదువుకుంటున్నానక్కా అన్నాను. "ఏం చదువుతున్నావో నాకూ చెప్పు, దిగేదాకా పొద్దు పోతుంది" అంది. ఏం చెప్పాలో తోచలేదు. ఆమె కాళ్ల దగ్గర బరువైన సంచి ఉంది. "ఈ సంచిని కాలితో తోయక్కా" అన్నాను. ముందు కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోసేసరికి కదిలింది, కదిలాక తేలిగ్గా జరిగింది. కదలకముందు ఉండే ఘర్షణ, కదిలాక ఉండేదానికంటే ఎక్కువ, అదే నా పాఠం అన్నాను. ఆమె ఒక్క క్షణం సంచి వైపు చూసి, "ఇది నాకు తెలిసిందే. ఆఫీసులో బీరువాలు జరిపేటప్పుడు మొదటి తోపుకే ఇద్దరం కావాలి. తర్వాత ఒక్కదాన్నే తోసేస్తా" అంది. ఆ చాప్టర్ నేనింక జన్మలో మర్చిపోను.

అప్పట్నించి దాదాపు రోజూ ఆమెకి ఏదో ఒకటి చెబుతూ వచ్చాను. అర్థం కాకపోతే ముఖం మీదే అర్థం కాలేదనేది. అప్పుడు నాకూ పూర్తిగా అర్థం కాలేదని తెలిసేది. డిసెంబరు మొదటి వారంలో పేపర్ మళ్లీ రాశాను. రిజల్ట్ ఇంకా రాలేదు.

ఇంతమాత్రాన ఆ 640 గంటలూ మంచివే అని మాత్రం నేను ఒప్పుకోను. గంటా ఇరవై నిమిషాలు నిలబడి చదువుకోవాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు. ట్రాఫిక్‌లో బస్సు ఇరుక్కుని పది నిమిషాలు ఆలస్యమైన రోజు క్లాసు బయట నిలబెట్టారు, ఆ రోజు పెట్టిన చిన్న టెస్ట్ మార్కులు పోయాయి. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. దూరం నుంచి వచ్చేవాళ్లు క్లాసులో ఎంతమంది ఉన్నారో ఒక్కసారి చేతులెత్తించి చూడండి, అంతే అడుగుతున్నాను. బస్సులు పెంచడం, కాలేజీ దగ్గర తక్కువ అద్దెకి గదులు దొరకడం, ఇవి నా క్రమశిక్షణతో వచ్చేవి కావు.

ఈసారి నా జాబితాలో ఒకటే లైను. 'పొద్దున బస్సు ఫ్లైఓవర్ ఎక్కగానే పుస్తకం మూసి, దిగేదాకా నిన్నటి పాఠం చెప్పుకోవాలి.' బస్సు రాని రోజు, జ్వరం వచ్చిన రోజు, తమ్ముడికి నేను కావాల్సిన రోజు ఆ లైను దానంతటదే సెలవు తీసుకుంటుంది. మర్నాడు మళ్లీ ఫ్లైఓవర్ వస్తుంది.

మొన్న ఆ అక్క చెప్పింది, జనవరి నుంచి తనకి నైట్ డ్యూటీ అట. సాయంత్రం బస్సులో ఇక కనబడదు. "పాసైతే చెప్పు" అంటూ దిగిపోయింది. ఇంతకాలం మాట్లాడుకుని ఒకరి నంబరు ఒకరం తీసుకోలేదు. నేను ఏడింటికి బస్సెక్కే స్టాప్‌కి ఎదురుగానే, రోడ్డుకి అవతలి పక్క, తను డ్యూటీ దిగి వచ్చే బస్సు ఆగుతుంది. రిజల్ట్ వచ్చిన రోజు పది నిమిషాలు ముందే వెళ్లి అక్కడ నిలబడతాను.